బీరపీచులో కాపురం

కుక్కకాటుకు చెప్పుదెబ్బ అన్నారు పెద్దలు. సామెతగా అది బాగానే ఉంది గాని, పిచ్చికుక్క కరిచిన మనిషికి చెప్పుదెబ్బ వల్ల ఒరిగేదేమీ లేదు. పిచ్చి లక్షణాలు పైకి తేలిన తరువాత రోగి బతికి బట్టకట్టడం ఈనాటికీ దాదాపు అసంభవమే. అవి తేలకముందే టీకా పడాలి. ఆ టీకా సంగతి మన ఇళ్ళలో యాభై దాటినవారందరూ ఎరుగుదురు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు! వీధిలో కుక్క వెంటబడితే పిల్లలు పరుగు లంకించుకొన్నది కుక్క కోరలకు జడిసి కాదు, ఆ పద్నాలుగు సూదులకు జడిసి.

ఇవాళ ఆ సూదులు లేవు. దండచేతికి నాలుగైదు విడతలుగా ఇచ్చే చిన్న సూదిమందుతో పని జరిగిపోతున్నది. ఎవరో దయతలచి సూదుల సంఖ్య తగ్గించారని అనుకొంటాము గాని, జరిగింది అది కాదు. టీకా పుట్టే చోటే మారిపోయింది. ఒకప్పుడది గొర్రె మెదడులో పుట్టేది. ఇప్పుడు పాత్రలలో పెంచిన జీవకణాలలో పుడుతున్నది. ఒక్క కుక్కకాటు టీకాయే కాదు. మూత్రపిండాలు చెడినవారికి రక్తం పట్టించే సూదిమందు, కొన్ని రకాల కాన్సరు మందులు, కీళ్ళవాతపు మందులు, గాయమైతే రక్తం గడ్డకట్టని పిల్లలకు ఇచ్చే మందు, ఇవన్నీ ఈనాడు అట్లా పాత్రలలో పెరిగే జంతుకణాలు చేసిపెడుతున్నవే.

జంతువు ఒంట్లో ఉండవలసిన కణాన్ని పాత్రలో పెంచడం ఎట్లా? అది కోరే సౌకర్యాలేమిటి? బీరపీచువంటి ఒక గుల్లవస్తువు అందుకు ఎట్లా అక్కరకు వచ్చింది? మన ప్రాంతానికి దానితో ప్రమేయమేమిటి? ఈ నాలుగు ముచ్చట్లు చెప్పుకొందాము.

గొర్రె మెదడు టీకా

పారిస్‌లో లూయీ పాశ్చర్ మహాశయుడు 1885 జూలైలో పిచ్చికుక్క కరిచిన ఒక పసివాడికి మొట్టమొదటి టీకా ఇచ్చాడు. ఆ టీకా కుందేటి వెన్నుపామును ఎండబెట్టి చేసినది. మన దేశంలో కసౌలీలో పనిచేసిన డేవిడ్ సెంపుల్ అనే వైద్యుడు 1911లో దానికి మరొక రూపమిచ్చాడు. గొర్రె మెదడుకు రోగం ఎక్కించి, ఆ మెదడును నూరి, కార్బాలిక్ ఆమ్లంతో రోగక్రిమిని చంపి, ఆ ద్రవాన్ని సూదిమందుగా వాడాడు. చౌక, సులువు. అందుచేత దాదాపు ఒక శతాబ్దంపాటు అదే మన దేశానికి దిక్కయింది. హైదరాబాదులో కుక్కకాటు అనగానే నారాయణగూడ అనేవారు. అక్కడి ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థవారు ఈ రకపు టీకానే తయారు చేసి ఇచ్చేవారు.

అయితే ఈ టీకాలో రోగక్రిమి పాలు స్వల్పం, గొర్రె మెదడు పాలు అధికం. అందుకే అన్ని సూదులు, అంత మోతాదు. మరొక ప్రమాదమూ ఉన్నది. మెదడులో నరాలమీద ఉండే కొవ్వుపొరను మన శరీరం శత్రువుగా భావించి, దానిపై దండెత్తుతుంది. ఆ దండయాత్రలో మనిషి సొంత నరాలకే దెబ్బ తగిలి, కొద్దిమందికి కాళ్ళూ చేతులూ పడిపోయేవి. కుక్క వల్ల రాని ఆపద టీకా వల్ల వచ్చేదన్నమాట. ఇన్ని తెలిసి కూడా మన దేశంలో ఈ టీకా పూర్తిగా ఆగిపోవడానికి 2005 దాకా పట్టింది.

ఇంతకూ గొర్రె దేనికి? వైరసు అనే క్రిమికి సొంత ఇల్లు లేదు. బతికున్న కణంలో జొరబడి, ఆ కణం సామానుతోనే తన సంతానాన్ని పెంచుకొంటుంది. అందుచేత వైరసు కావాలంటే జీవకణాలు కావాలి, జీవకణాలు కావాలంటే జీవి కావాలి. ఈ లెక్కలో జీవిని తీసివేసి కణాలను మాత్రమే మిగిల్చితే? శాస్త్రజ్ఞులు వేసుకొన్న ప్రశ్న ఇదే.

గాంధారి కుండలు

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడిని గనుక ఇక్కడ నాకు ఆదిపర్వం గుర్తు రావడం సహజం. గాంధారి గర్భం నుంచి పడిన మాంసపుముద్దను వ్యాసుడు చల్లని నీళ్ళతో తడిపించాడు. అది నూటొక్క ముక్కలైంది. ముక్కకొక నేతికుండ చొప్పున పెట్టి కాపాడించగా, నూరుగురు కౌరవులూ ఒక దుస్సలా పుట్టారు. ఈ కథ చూపి, మనవారికి అన్నీ ముందే తెలుసునని రొమ్ము విరుచుకొనేవారు కొందరున్నారు. అది సరికాదు. అది కథ, ఇది ప్రయోగం. కాని ఆ కథ అల్లినవాడి ఊహను మెచ్చుకోక తప్పదు. ఒంటి నుంచి విడివడిన మాంసం బయట బతకాలంటే మూడు కావాలని అతడు ఊహించాడు: వేరువేరు పాత్రలు, పోషణనిచ్చే ద్రవం, చెదరని కాపుదల.

ప్రయోగం జరిగింది అమెరికాలో, 1907లో. రాస్ హారిసన్ అనే శాస్త్రజ్ఞుడు కప్ప పిండం నుంచి నరపుముక్క తీసి, గడ్డకట్టిన రసంలో పెట్టి, అది బయట కూడా పెరుగుతుందని కళ్ళారా చూశాడు. అటుపైన కణాలకు ఏమి తిండి పెట్టాలి అన్నది పెద్ద సమస్య అయింది. 1950ల నడుమ హ్యారీ ఈగిల్ అనే ఆయన ఉప్పు, చక్కెర, ఆమైనో ఆమ్లాలు, విటమిన్లు లెక్కకట్టి కలిపి ఒక వంటకం తయారు చేశాడు. ఆయన పేరు మీదనే ఆ ద్రవం నేటికీ వాడుకలో ఉన్నది. దానికి కాస్త దూడ రక్తపు తేట కలిపితే కణాలు ఇంకా ఏపుగా పెరిగేవి. వేడిమి మన ఒంటి వేడిమే, 37 డిగ్రీలు. పులుపు ఎక్కువ కారాదు, తక్కువ కారాదు. బూజుగాని, బాక్టీరియాగాని ఒక్కటి దూరిందా, తెల్లవారేసరికి పాత్ర అంతా దానిదే. పాలు తోడుపెట్టే ఇల్లాలికి ఈ జాగ్రత్తలు కొత్తవేమీ కావు. ఇది వెయ్యి రెట్లు నిష్ఠగల మడి, అంతే.

నేల అడిగే కణాలు

తిండి కుదిరింది, వేడి కుదిరింది. ఇక వచ్చినది స్థలం పేచీ.

రక్తంలోని కణాలు తేలుతూ బతుకుతాయి. కాని మూత్రపిండం, చర్మం, కాలేయం వంటి అవయవాల కణాలు అట్లా కాదు. వాటికి కాలు మోపడానికి నేల కావాలి. ద్రవంలో వదిలితే ముడుచుకొని చచ్చిపోతాయి. అడుగున గాజు తగిలితే దాన్ని పట్టుకొని, కాళ్ళు చాపుకొని, పరుచుకొని, ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతాయి. నేల నిండగానే పెరుగుదల ఆపివేస్తాయి. అంటే పంట లెక్క పాత్ర లోతును బట్టి కాదు, నేల వైశాల్యాన్ని బట్టి. ఇది అచ్చంగా రైతు లెక్క.

ఈ జాతిలో ప్రసిద్ధమైనది వెరో కణం. 1962 మార్చిలో జపానులోని చిబా విశ్వవిద్యాలయంలో యసుమురా, కవాకిటా అనే ఇద్దరు ఆఫ్రికా పచ్చకోతి మూత్రపిండం నుంచి దీనిని తీశారు. అప్పుడు తీసిన కణాల సంతతే ఇప్పటికీ ప్రపంచమంతటా పెరుగుతున్నది. మళ్ళీ మళ్ళీ కోతులను పట్టవలసిన అవసరం లేకపోయింది. అనేక వైరసులు ఈ కణంలో హాయిగా పెరుగుతాయి గనుక టీకాల తయారీకి ఇది పెట్టనికోట అయింది.

నేల కోసం మొదట చదునైన సీసాలు వాడారు. తరువాత గుండ్రని సీసాలను పడుకోబెట్టి, మెల్లగా దొర్లిస్తూ, లోపలి గోడ అంతా కణాలు పరుచుకొనేటట్టు చేశారు. ఇటువంటి సీసా ఒకదానిలో దొరికే నేల సుమారు 850 చదరపు సెంటీమీటర్లు. పెద్ద పీట వేసినంత. దేశానికి సరిపడా మందు కావాలంటే ఇటువంటి సీసాలు వేలకొద్దీ దొర్లాలి. ఒక్కొక్క దానిని తెరవాలి, తిండి మార్చాలి, మూయాలి. ఎక్కడ ఒక్క మూత అపరిశుభ్రమైనా ఆ పంట పోయినట్టే.

1967లో హాలండు దేశంలో వాన్ వెజెల్ అనే శాస్త్రజ్ఞుడు ఈ పేచీ తీర్చాడు. ఆయన చేసిన పని వింటే, ఇంతేనా అనిపిస్తుంది. కణాలను సీసా గోడకు పంపే బదులు, గోడనే చిన్న చిన్న పూసలుగా చేసి ద్రవంలో వదిలాడు. పూస మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది, సన్నరవ్వ పలుకంత. కణాలు పూసల మీద ఎక్కి కూర్చుంటాయి. పూసలు ద్రవంలో తేలియాడుతూ తిరుగుతుంటాయి. నేల దొరికిందని కణానికి తృప్తి, ఒకే పాత్రలో అంతా కలియబెట్టవచ్చునని మనిషికి తృప్తి. ఆ తరువాత అంగళ్ళలోకి వచ్చిన ఈ రకపు పూసలు ఒక్క గ్రాము తీసుకొంటే, వాటి నేల సుమారు 4,400 చదరపు సెంటీమీటర్లు. అయిదు దొర్లుడు సీసాల పెట్టు ఒక చిటికెడు పొడిలో ఇమిడిపోయిందన్నమాట. పోలియో టీకాకూ, పిచ్చికుక్క టీకాకూ ఈ పూసలే కొత్త దారి వేశాయి.

పూస నుంచి గుల్లకు

కాని పూస మీది కాపురానికీ ఒక బాధ ఉన్నది. చెట్టుకణానికి చుట్టూ గట్టి గోడ ఉంటుంది. బాక్టీరియాకూ ఉంటుంది. జంతుకణానికి అది లేదు, పల్చని పొర తప్ప. పాత్రలో గాలి అందడానికి ద్రవాన్ని తిప్పాలి, బుడగలు వదలాలి. తిప్పుతుంటే పూస పూసకు కొట్టుకొంటుంది. పైన కూర్చున్న కణాలు నలిగిపోతాయి. బుడగ పగిలిన అదటుకు కూడా చచ్చే కణాలున్నవి. తిప్పకపోతే ఊపిరాడదు, తిప్పితే ఒళ్ళు నలుగుతుంది. ఏమి చేయాలి?

బీరకాయ పెరట్లో తీగమీదనే ఎండి, తొక్క ఊడి, పీచు మిగలడం మనం చూసినదే. పైన చేయి పెడితే మొత్తం ఒక ముద్ద. లోపల చూస్తే అంతా గదులూ దారులూ. నీళ్ళలో ముంచితే ప్రతి సందులోకీ నీరు చేరుతుంది. పూసను అటువంటి పీచుముద్దగా చేస్తే కణాలు లోపలి గదులలో దాగి ఉంటాయి. బయట ఎన్ని పూసలు కొట్టుకొన్నా లోపలివారికి దెబ్బ తగలదు. పైగా నేల బయటా ఉంది, లోపలా ఉంది.

ఈ ఆలోచన 1980లలో రూపు కట్టింది. స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో 1986లో జెలటిన్‌తో గుల్లపూసలు చేసి కణాలను పెంచి చూపారు. జెలటిన్ అంటే ఎముకలనుంచీ తోలునుంచీ తీసే జిగురు. పంట కోతకు వచ్చినప్పుడు ఒక జీర్ణరసం పోస్తే పూస కరిగిపోయి కణాలు చెక్కుచెదరకుండా బయటపడతాయి. తరువాత దూదిలో ఉండే సెల్యులోజుతో గుల్లపూసలు వచ్చినవి. వాటి రంధ్రాలు సగటున 30 మైక్రాన్లు. కణం పరిమాణం పన్నెండు పదిహేను మైక్రాన్లు గనుక ద్వారం సరిగ్గా సరిపోయింది. ఈ పూసలు ఒక గ్రాములో 11,000 చదరపు సెంటీమీటర్ల నేల ఉంటుంది. దొర్లుడు సీసాల లెక్కలో పన్నెండుకు పైమాటే. మరికొందరు పాలియెస్టరు నారతో బొత్తాములవంటి బిళ్ళలు చేసి, వాటిని పాత్రలో పొరలు పొరలుగా పేర్చారు. ఇక్కడ బిళ్ళలు కదలవు, ద్రవమే వాటి నడుమ పారుతుంది.

ఇందులో అసలైన లాభం మరొకటి ఉన్నది. కణాలు గుల్లలో కుదురుగా ఉండిపోతాయి గనుక, ఒకవైపు నుంచి కొత్త ద్రవం పోస్తూ, మరొకవైపు నుంచి అవి చేసిన మందు కలిసిన ద్రవాన్ని తీసుకొంటూ ఉండవచ్చు. ఆవు కట్టుగొయ్యనే ఉంటుంది. మేత వేస్తూ ఉంటాము, పాలు పితుకుతూ ఉంటాము. వారాల తరబడి ఈ పాడి సాగుతుంది.

మరి లోపాలు లేవా? లేకేమి! కిటికీలు లేని పెద్దమేడలో నడిగదికి గాలి ఎట్లా అందదో, పూస లావైతే నడుమనున్న కణాలకు ప్రాణవాయువు అట్లా అందదు. మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే రెండు పదో వంతులు. అంతకంటే దూరం ప్రాణవాయువు చొరలేదు. ఆపైన ఉన్న కణాలు కుళ్ళి, చుట్టూ ఉన్నవాటికి కీడు చేస్తాయి. అదీగాక లోపల ఎందరున్నారో జనాభా లెక్క తీయడం కష్టం. పూసమీద కూర్చున్నవాటిని సూక్ష్మదర్శినిలో చూసి లెక్కించవచ్చు. గుల్లలో దూరినవాటిని చూడలేము. అవి తిన్న చక్కెరను బట్టి, పీల్చిన గాలిని బట్టి అంచనా కట్టవలసిందే.

బాక్టీరియా చేయలేని పని

ఇంత అవస్థ దేనికి, బాక్టీరియా చేత చేయించరాదా అని తెలివిగల విద్యార్థి అడుగుతాడు. మంచి ప్రశ్నే. జంతుకణం ఒకటి రెండు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. బాక్టీరియాకు ఇరవై నిమిషాలు చాలు. 1978లో శాస్త్రజ్ఞులు మనిషి ఇన్సులిన్ జన్యువును బాక్టీరియాలో పెట్టి ఇన్సులిన్ చేయించారు. 1982లో అది మందుగా వచ్చింది. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి టీకాను ఈస్టు చేస్తుంది. 1997లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాదరెడ్డిగారు ఈ మార్గంలోనే మన దేశపు టీకాను తెచ్చి, దిగుమతి సరుకు ధరను నేలకు దించారు.

కాని ఇన్సులిన్ చిన్న ప్రొటీన్. యాభయ్యొక్క పూసల దండ. పెద్ద ప్రొటీన్ల సంగతి వేరు. ఆ దండను సరిగ్గా మడవాలి, తగినచోట్ల చక్కెర గొలుసులు తగిలించాలి. ఈ నగిషీ బాక్టీరియాకు రాదు. ఈస్టుకు వచ్చిన పనితనం మన ఒంటికి నప్పేది కాదు. జంతుకణానికి మాత్రం పుట్టుకతో వచ్చిన విద్య.

మూత్రపిండాలు చెడి డయాలిసిస్ చేయించుకొనేవారిని మన బంధువర్గంలో ఎరుగని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. వారికి రక్తం పట్టడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ అనే ప్రొటీన్ బరువులో దాదాపు నలభై శాతం చక్కెర గొలుసులే. దీనిని మొదట శుద్ధిచేసినవాడు అమెరికాలో గోల్డ్‌వాసర్. 1977లో ఆయన బృందం 2,550 లీటర్ల మూత్రం వడగట్టింది. జపానులో రక్తహీనత గల రోగుల నుంచి ఓపికగా పోగుచేసిన మూత్రమది. అంతా చేస్తే దొరికింది కొద్ది మిల్లీగ్రాములు. ఈ లెక్కన లోకానికి మందు అందేనా? ఆ జన్యువును జంతుకణంలో పెట్టిన తరువాతనే 1989లో అది ఆసుపత్రులకు చేరింది.

గోషే వ్యాధి అనే అరుదైన జబ్బు మరొకటి. ఒక ఎంజైము లోపించి ప్లీహ, కాలేయం ఉబ్బిపోతాయి, ఎముకలు గుల్లబారుతాయి. 1991లో వచ్చిన మందును కాన్పులైన తల్లుల మాయల నుంచి తీసేవారు. ఒక్క రోగికి ఒక్క సంవత్సరానికి సుమారు ఇరవై వేల మాయలు కావలసి వచ్చేవి! 1994 నుంచి ఆ ఎంజైమును కణాలు చేస్తున్నవి.

ఈ పనులు చేసేది ఎక్కువగా చైనా చిట్టెలుక అండాశయపు కణం. 1948 చివర, చైనాలో అంతర్యుద్ధం రాజుకొంటుండగా, ఇరవై చిట్టెలుకలను పెట్టెలో పెట్టి అమెరికాకు తరలించారు. వాటి సంతతిలోని ఒక ఆడ ఎలుక నుంచి 1957లో థియొడోర్ పక్ అనే శాస్త్రజ్ఞుడు కణాలు తీసి పెంచాడు. గుండెపోటులో రక్తపుగడ్డను కరిగించే మందు 1987లో ఈ కణాల నుంచే వచ్చింది. జంతుకణాలలో జన్యువు మార్చి చేయించిన మందులలో అదే మొదటిది. ఆ ఎలుక ఎప్పుడో చచ్చిపోయింది. దాని కణాలు మాత్రం ఉక్కుపాత్రలలో లక్షలాది మనుషులకు మందు చేస్తూనే ఉన్నవి.

బెంగుళూరు బాటమీద రెండు రకాల మందులు

మా షాద్‌నగర్ 2016 దాకా పాలమూరు జిల్లాలోది. ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోది. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే బాటమీద ఉన్నది. ఇటు ఉత్తరాన కొత్తూరులో నాట్కోవారి మందుల కర్మాగారం. అటు దక్షిణాన సీతాఫలాలకు పేరుపడ్డ బాలానగర్ దాటితే జడ్చర్ల, అక్కడి పోలేపల్లిలో హెటిరోవారి జీవౌషధాల కర్మాగారం. బస్సు కిటికీలోంచి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. కాని ఒకటి రసాయనశాస్త్రానికి, మరొకటి జీవశాస్త్రానికి చెందిన లోకం.

నాట్కో సంస్థ 2003లో ఒక రకం రక్తకాన్సరుకు ఇమాటినిబ్ అనే మందును చౌకగా తెచ్చి పేరు పొందింది. ఆ మందు అణువులో పరమాణువులు 68. రసాయనశాస్త్రం తెలిసినవారు దానిని మెట్టు మెట్టుగా కట్టవచ్చు. ఎవరు కట్టినా అది అదే. హెటిరోవారు జడ్చర్లలో చేసే టోసిలిజుమాబ్ వంటి ప్రతిరక్షక ప్రొటీన్‌లో పరమాణువులు ఇరవై వేల పైచిలుకు. దానిని మనిషి కట్టలేడు, కణమే కట్టాలి. కణం తిండి మారినా, ఊపిరి తగ్గినా, చక్కెర గొలుసు తీరు మారుతుంది, మందు గుణం మారుతుంది. అందుకే ఇటువంటి మందుకు నకలు చేసేవారు తమది మొదటిదానితో సరితూగుతున్నదని రోగులమీద పరీక్షించి చూపాలి. ఖర్చంతా అక్కడే.

2021 వేసవి ఎవరూ మరువలేరు. కోవిడ్ ముదిరిన రోగికి టోసిలిజుమాబ్ రాసి ఇస్తే, ఆ చీటీ పట్టుకొని ఇంటివారు ఊరూరా తిరిగారు. విదేశం నుంచి రావలసిన సరుకు. వచ్చినది చాలలేదు. వేల రూపాయల మందు నల్లబజారులో ఇంకెన్నో రెట్లు పలికింది. డబ్బున్నవారికీ దొరకని రోజులవి. ఆ సెప్టెంబరులో జడ్చర్లలో తయారైన టోసిలిజుమాబ్‌కు మన దేశపు ఔషధ నియంత్రణాధికారి అత్యవసర అనుమతి ఇచ్చారు. రెండో కెరటం అప్పటికే దాటిపోయింది. మన ఊరి బాటమీదనే తయారుకాగల మందు కోసం అన్ని ప్రాణాలు ఎదురుచూసినవని తలచుకొంటే, ఈ కణాల పెంపకం ఎవరికో చెందిన శాస్త్రవినోదం కాదని బోధపడుతుంది.

హైదరాబాదు చుట్టుపక్కల ఈ విద్య బాగా వేళ్ళూనుకొన్నది. గచ్చిబౌలిలో జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి 1982లో స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ పశువుల గాలికుంటు టీకాను మరొక చిట్టెలుక మూత్రపిండపు కణాలలోనూ, మనుషుల కుక్కకాటు టీకాను వెరో కణాలలోనూ తయారుచేస్తున్నది. డాక్టర్ రెడ్డీస్‌వారు 2007లో రిటుక్సిమాబ్ అనే కాన్సరు మందును అసలు మందు ధరలో దాదాపు సగానికి తెచ్చారు. శామీర్‌పేట వైపు జినోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్‌వారు కోవాక్సిన్‌కు కావలసిన వైరసును పెంచినది కూడా వెరో కణాలలోనే.

వీటన్నిటిలోనూ గుల్లపూసలే ఉన్నవని అనుకోరాదు. ఇక్కడ కథ ఒక మలుపు తిరిగింది. చైనా చిట్టెలుక కణానికి క్రమక్రమంగా నేల లేకుండా తేలుతూ బతకడం శాస్త్రజ్ఞులు అలవాటు చేశారు. మెచ్చదగిన పెంపకం! 1980లలో లీటరు ద్రవానికి గ్రాములో ఇరవయ్యో వంతు మందు దొరికితే గొప్ప. ఈనాడు తేలే కణాలు లీటరుకు అయిదు గ్రాములు కూడా ఇస్తున్నవి. అందుచేత ప్రతిరక్షక ప్రొటీన్ల పరిశ్రమ ఎక్కువగా పూసలను విడిచిపెట్టింది. కాని నేల వదలని కణాలు ఇంకా చాలా ఉన్నవి. టీకాలకు, జన్యుచికిత్సకు కావలసిన వైరసులకు, రోగికి తిరిగి ఎక్కించే మూలకణాలకు పూసా, గుల్లా ఈనాటికీ ఆదరువే.

నమ్మకం, జాగ్రత్త

2021 జూన్‌లో కోవాక్సిన్‌లో దూడ రక్తం ఉన్నదని ఒక వదంతి పుట్టి, ఇంటింటా చర్చ జరిగింది. ఆచారపరాయణులు కొందరు టీకా వేయించుకోవడానికి జంకారు. నిజమేమిటంటే, దూడ రక్తపు తేట వెరో కణాలను పెంచే దశలో తిండిగా వాడతారు. తరువాత కణాలను కడుగుతారు, వైరసు ఎక్కిస్తారు, వైరసును చంపుతారు, శుద్ధి చేస్తారు. సీసాలోకి వచ్చే మందులో దూడ తేట ఉండదు. అప్పట్లో ప్రభుత్వం చెప్పినదీ ఇదే. పొలంలో పెంట వేసి పండించిన బియ్యాన్ని మనం మైల అనుకోము కదా! ఈనాడు చిట్టెలుక కణాల పెంపకంలో ఆ తేటను కూడా మానివేసి, వేరే తిండి పెడుతున్నారు.

శుద్ధి గురించి అంత పట్టుదల దేనికో తెలియాలంటే 2009 నాటి సంగతి చెప్పాలి. గోషే మందు చేసే జెన్‌జైమ్ అనే అమెరికా కంపెనీవారి పాత్రలలో ఒక వైరసు చేరింది. అది మనుషులకు హాని చేసే రకం కాదు, కణాల పెరుగుదలను కుంటుపరచేది. అయినా కర్మాగారం మూసి, అంతా కడిగి, మళ్ళీ మొదలు పెట్టేసరికి లోకమంతటా ఆ రోగులకు మందు కరువైంది. మోతాదు తగ్గించుకొన్నవారున్నారు, మందు లేకుండా నెలలు గడిపినవారున్నారు. ఒకే పొయ్యిమీద ఊరంతటికీ వంట పెట్టుకొంటే వచ్చే ముప్పు అది. మందు ఎన్ని చోట్ల తయారైతే రోగికి అంత ధైర్యం.

మళ్ళీ కుక్కకాటు దగ్గరకు వద్దాము. కుక్క కరిస్తే, గీరినా సరే, ముందు చేయవలసింది సబ్బుతో, ధారగా పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు పుండును కడగడం. కారం, సున్నం, పసుపు, ఆకుపసరు పెట్టరాదు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి. కండకు ఇచ్చే పద్ధతిలో టీకా మొదటి రోజు తరువాత 3, 7, 14, 28వ రోజులలోనూ, చర్మంలోపల ఇచ్చే పద్ధతిలో 3, 7, 28వ రోజులలోనూ ఇస్తారు. రెండు సూదులు పడగానే కుక్క బాగానే ఉందిలే అని మానుకొనేవారు ఉన్నారు. వైద్యుడు చెప్పనిదే మానరాదు. నెత్తురు వచ్చేటట్టు కరిచినప్పుడు టీకా ఒక్కటే చాలదు. టీకా పని ప్రారంభించడానికి రోజులు పడుతుంది. ఈలోగా వైరసును అడ్డుకొనే ప్రతిరక్షక ప్రొటీన్‌ను పుండు చుట్టూ ఎక్కించాలి. ఒకప్పుడు ఇది గుర్రపు రక్తం నుంచో మనిషి రక్తం నుంచో తీసినదే. 2017 నుంచి మన దేశంలో చిట్టెలుక కణాలు చేసినది కూడా దొరుకుతున్నది. అంటే ఒక్క కుక్కకాటుకు ఇటు పచ్చకోతి కణమూ అటు చిట్టెలుక కణమూ కలిసి కాపలా కాస్తున్నవన్నమాట.

మరొక చిన్న మాట. ఈ మందులు కణాల చేతిలో ఎంత అపురూపంగా పుడతాయో, మన చేతిలో అంత తేలికగా పాడవుతాయి. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. గడ్డకట్టనీయరాదు, ఎండ తగలనీయరాదు. డయాలిసిస్ రోగికి సూదిమందు పట్నం నుంచి తెచ్చేటప్పుడు దుకాణదారుడిని మంచుపెట్టె అడిగి తీసుకోవాలి. బస్సులో ఇంజను పక్కన పెట్టరాదు. ఇంట్లో ఫ్రిజ్‌లో మంచు పేరుకొనే అరలో పెట్టరాదు, తలుపులో కూడా పెట్టరాదు, నడిమి అరలో ఉంచాలి. కరెంటు గంటలకొద్దీ పోయినప్పుడు ఆ మందు వాడవచ్చునా అని వైద్యుడిని అడగడానికి మొగమాటపడరాదు. గుల్లలో దాగి, ఊపిరి బిగబట్టి కణం చేసిపెట్టిన మందు, మన గుమ్మం దాకా వచ్చి వృథా కారాదు కదా.